ట్రాలీబస్ కిటికీ మీద తాండ్ర

నేను చెయ్యి తిరిగినదాన్ని.
కుతైసిలో ఈ అయిదంతస్తుల మేడంతా
నా త్క్లాపి నోట్లో పడ్డాకే
వేసవి వచ్చిందని ఒప్పుకునేది.
ఇప్పుడు ఆ చెయ్యే తిరగడం లేదు.
ఫిబ్రవరిలో ఒక పొద్దున చెంచా జారింది,
ఒంగి తీసుకోబోతే
నేల నన్ను తీసుకుంది.
అప్పట్నుంచి కుడిచెయ్యి నా ఒళ్ళోనే పడుకుంటోంది,
పొరుగింటి పిల్లలా,
లేపితే లేవదు.

అందుకే ఒతియా, నువ్వు చెయ్యి, నేను నాలుక.
ముప్పయ్యొక్క ఏళ్ళు ట్రాలీబస్ నడిపినవాడివి,
తెడ్డు పట్టినా స్టీరింగ్ పట్టినట్టే,
మలుపులో ఉన్నట్టు ఒళ్ళంతా ఒరుగుతావు.
నా నోరు ఒకవైపే నవ్వుతుంది.
ఆ సగం చాలదన్నట్టు
ఇంకోసారి ఒరుగుతావు.

మొదటిరోజే చెప్పాను:
తొక్కలు చిట్లగానే దించు,
జల్లెడలో పోసి నులుము,
గింజలు ఒంటరిగా గలగలమనేదాకా.
తొక్కని ఊరికే పారెయ్యకు, రంగంతా దానిదే.
మళ్ళీ పొయ్యెక్కించు.
తెడ్డుతో గీత గీస్తే గిన్నె అడుగు కనపడి
నిద్రకళ్ళలా మెల్లగా మూసుకోవాలి.
చక్కెర డబ్బా వైపు చూడకు.
డాక్టర్ ఖతూనా వద్దందని కాదు,
మా అమ్మా ఏనాడూ వెయ్యలేదు.
పుల్లటి ప్లమ్ పండుని పుల్లగానే ఉండనివ్వాలి,
ఎండలో ఎండేకొద్దీ
దానంతటదే తీపి వైపు నాలుగడుగులు వేస్తుంది.

నా చెక్కపలకలు నీకు ఎదురుతిరిగాయి.
గుజ్జుని అంటిపెట్టుకుని వదలమన్నాయి.
అప్పుడు మంచం కిందనుంచి లాగావు ఆ అద్దాన్ని.
ట్రాలీబస్సులన్నీ పాత ఇనుముకి పోయిన ఏడు
అందరూ పెన్షను కాగితాలతో ఇంటికొస్తే
నువ్వొక కిటికీ అద్దం మోసుకొచ్చావు,
మూలలు గుండ్రంగా, గీతలు పడి.
దాన్ని తుడిచినన్నాళ్ళూ నిన్ను తిట్టాను.
ఇప్పుడు తడి అద్దం మీద గుజ్జు జారి, సర్దుకుని,
నీ మాట వింది.

అలాగని ఊరికే రాలేదు.
ఒకటి మందమై బూజు పట్టింది.
ఒకటి మాడింది,
దాని సంగతి మనిద్దరం మాట్లాడుకోం.
మూడోది బాగా వచ్చేదే.
కింది నుంచి నార్గిజా "వాన! వాన!" అని అరిచేసరికి
నువ్వు రొట్టెల దుకాణం దగ్గర వరుసలో ఉన్నావు.
బాల్కనీకి మూడడుగుల దూరంలో నేను, కుర్చీలో.
చుక్కలు ఎర్రటి గుజ్జులో గుంటలు పెడుతుంటే
లెక్కపెట్టాను. ఇంకేం చెయ్యను?
పైంటి బెకా, పన్నెండేళ్ళవాడు,
తలుపు తోసుకుని వచ్చి గొడుగు పట్టాడు,
నాకు కాదు, అద్దానికి.
మంచి పిల్లాడు. ఏది ముఖ్యమో తెలిసినవాడు.
మశూచి మచ్చల ఆ తాండ్రనంతా
తర్వాత వాడే తినేశాడు.

నాలుగోదాన్ని నిన్న ఊడదీశావు.
గోరుతో అంచు లేపి, ఊపిరి బిగబట్టి లాగితే
అద్దమంత ముక్క, చిరగకుండా.
చేతులు చాచి వెలుతురుకి ఎత్తావు.
దానిలోంచి వీధి కనపడింది:
తెల్లవంతెన వైపు పోయే మినీబస్సు,
ఉల్లికాడల సంచితో నార్గిజా,
ఎవరిదో కుక్క,
అన్నీ వైన్‌లో ముంచి తీసినట్టు.
చిన్న ముక్క చించి నా నాలుక మీద పెట్టావు,
ఎడమవైపు, రుచి తెలిసేవైపు.

లోపం వెతికాను. దొరకలేదు.
పళ్ళ సందుల్లో కూడా వెతికాను.
దొరక్కపోతే ఈ కుర్చీలో నాకింక పనేముంది?
"ఆ మూల కాస్త మందమైంది" అన్నాను.
నువ్వు మూల వైపు చూశావు,
తర్వాత నా వైపు.
"అవును, మందమే" అన్నావు.
అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి,
పెళ్ళినాటి నుంచీ అంతే.

ఈ పొద్దున చెప్పకుండానే బజారుకెళ్ళి
ఇంకో నాలుగు కిలోలు తెచ్చావు.
పళ్ళు కడిగి, గిన్నెలో పోసి,
కుళాయి దగ్గర నిలబడి
ఏమీ ఎరగనట్టు అడుగుతున్నావు,
నీళ్ళెన్ని పొయ్యాలని.

రెండు వేళ్ళ లోతు, ఒతియా.
నీ వేళ్ళు కాదు, మొద్దువి అవి.
నావి.
గిన్నె ఇలా పట్రా,
ఈ చెయ్యెత్తి కొలుచుకో.